పుండు మానింది కదా అని వదిలెయ్యకండి

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. పెళ్లయి ఆరేళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. ఇప్పుడు నాకు నాలుగో నెల. మా ఆయన లారీ డ్రైవరు, చేపల లోడు కలకత్తా లైన్లో తిప్పుతారు. వెళ్తే పది పన్నెండు రోజులకు గానీ ఇంటికి రారు. రెండు నెలల కిందట ఆయనకు అక్కడ చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, చీము లేదు. అడిగితే ‘ఇంజిన్ వేడికి వచ్చింది, నీకెందుకు’ అన్నారు. మెడికల్ షాపులో ఏవో మాత్రలు, ఆయింట్‌మెంట్ తెచ్చుకున్నారు. కొన్ని వారాల్లో మానిపోయింది. నాకేమో నెల రోజుల నుంచి తెల్లబట్ట అవుతోంది, దురదగా ఉంటోంది. ఆర్ఎంపీ గారు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. మా అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగిస్తున్నారు. పీహెచ్‌సీలో రక్తం తీస్తామన్నారు గానీ, ‘ఆ జబ్బు’ పరీక్ష కూడా చేస్తారని పక్కావిడ చెబితే భయమేసి, పనుందని చెప్పి వచ్చేశాను. మా వీధిలో ఒకాయన ఆ జబ్బుతోనే పోయాడని అంటారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టరు. నాకొచ్చింది సుఖవ్యాధేనా? కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా? మా పాప మా సబ్బుతోనే స్నానం చేస్తుంది, దానికి అంటుకుంటుందా? ఆయన్ని నిలదీస్తే ఇల్లు పీకి పందిరి వేస్తారు. ఏం చెయ్యమంటారు?

– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మీకవుతున్న తెల్లబట్ట ఒకటి, ఆయనకు లేచి మానిన పుండు ఒకటి. మీ బెంగంతా మొదటిదాని మీద ఉంది. నా బెంగ రెండోదాని మీద. నొప్పి లేని పుండు, అది కొన్ని వారాలకు మానిపోవడం, ఇంట్లో గర్భిణి ఉండటం. ఈ మూడూ ఒకచోట కనబడితే ఏ డాక్టరైనా ముందు సిఫిలిస్‌నే అనుమానిస్తారు. అదే అయ్యుండాలని లేదు. కానీ కాదని తేల్చుకోకుండా ఇంకో వారం కూడా గడపకండి.

సిఫిలిస్‌ని మన పెద్దవాళ్లు సవాయి అనేవారు. దాని క్రిమి ఒంట్లోకి చేరాక 10 నుంచి 90 రోజుల్లోపు, చాలామందికి మూడు వారాల ప్రాంతంలో, అది ఎక్కడ దూరిందో అక్కడే పుండు లేస్తుంది. అంచులు గట్టిగా ఉంటాయి, ముట్టుకున్నా నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్లలు కట్టొచ్చు. ఆడవాళ్లకైతే ఆ పుండు లోపల గర్భాశయ ముఖద్వారం దగ్గర కూడా లేవొచ్చు, అలాంటప్పుడు అది ఉన్నట్టే తెలీదు. మూడు నుంచి ఆరు వారాల్లో మందు వేసినా వెయ్యకపోయినా మానిపోతుంది. కాబట్టి మీ ఆయన పుండు మానడం ఆ ఆయింట్‌మెంట్ చలవ కాకపోవచ్చు. ఏమీ రాయకపోయినా మానేదే.

జనం మోసపోయేది ఇక్కడే. పుండు పోతుంది గానీ క్రిమి రక్తంలో ఉండిపోతుంది. మరికొన్ని వారాలకు ఒంటి మీద మచ్చలు వస్తాయి, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో. దురద ఉండదు. కాస్త జ్వరం, గొంతు నొప్పి, అక్కడక్కడా జుట్టు ఊడటం ఉండొచ్చు. అవీ వాటంతట అవే పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనిషి దిట్టంగా తిరుగుతాడు, లారీ నడుపుతాడు, పిల్లల్ని కంటాడు. కొందరికి చాలా ఏళ్ల తర్వాత గుండె మీద, మెదడు మీద, నరాల మీద దెబ్బ పడుతుంది. మీ ఆయన ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆయన అరచేతులు ఒకసారి చూడండి. ఏమీ కనబడకపోతే మాత్రం పరీక్ష మానెయ్యకండి.

ఇక ఇంజిన్ వేడి సంగతి. లారీల్లో తిరిగేవాళ్లలో ఇదొక గట్టి నమ్మకం. క్యాబిన్‌లో గంటల తరబడి కూర్చుంటే ఒళ్లు వేడెక్కుతుందని, ఆ వేడి ఎలాగో ఒకలా దించుకోకపోతే జబ్బు చేస్తుందని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ వేడికి చెమటకాయలు వస్తాయి. నీళ్లు తక్కువ తాగితే మూత్రంలో మంట వస్తుంది. పుండు రాదు. దాబా దగ్గర ‘వేడి దించుకున్న’ తర్వాత వస్తుంది. అయితే మీ ఆయన విషయంలో అలాగే జరిగిందని నేను చెప్పడం లేదు. అక్కడ పుండు లేవడానికి కారణాలు చాలా ఉంటాయి. హెర్పిస్ అయితే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి భగ్గుమని మండుతాయి, పోయి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. గజ్జి వల్ల కూడా గోకి గోకి పుండు కావచ్చు. ఉత్తరం చదివి నేను తేల్చలేను. రక్త పరీక్ష తేలుస్తుంది.

బిడ్డ గురించి అడిగారు కాబట్టి మెత్తగా చెప్పి వదిలెయ్యలేను. తల్లికి సిఫిలిస్ ఉండి మందు పడకపోతే అది మాయ దాటి బిడ్డను చేరుతుంది. కొత్తగా అంటిన సిఫిలిస్‌కి వైద్యం జరగకపోతే సగానికి పైగా కాన్పుల్లో ఏదో ఒక నష్టం జరుగుతుంది. గర్భం పోవడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన బిడ్డకే ఆ జబ్బు ఉండటం. మన ఊళ్లలో ‘రెండుసార్లు కడుపు నిలవలేదు, దిష్టి తగిలింది’ అని తాయెత్తు కట్టించుకునే ఇళ్లలో కొన్నింటి వెనక, ఎవరూ చెయ్యని ఈ పరీక్షే ఉంటుంది. మంచి మాట ఏమిటంటే, కడుపుతో ఉన్నప్పుడు తేలిగ్గా దొరికేదీ, తేలిగ్గా నయమయ్యేదీ ఇదే. మీకింకా నాలుగో నెలే. వేళ మించిపోలేదు.

మీరు పీహెచ్‌సీ నుంచి తప్పించుకుని వచ్చేసిన పరీక్ష ఇదే. వేలి కొసన సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేస్తారు. హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే పట్టీ మీద చూసే కిట్లు కూడా ఉన్నాయి. పావుగంట, ఇరవై నిమిషాల్లో గీతలు తేలతాయి. అనుమానం వస్తే చేతి నరంలోంచి రక్తం తీసి వీడీఆర్ఎల్ గానీ ఆర్‌పీఆర్ గానీ అనే సిఫిలిస్ పరీక్ష చేస్తారు. ఆ కాగితం మీద 1:8, 1:32 లాంటి అంకెలు ఉంటాయి. ఆ కాగితం పారెయ్యకండి. వైద్యం అయ్యాక మళ్లీ పరీక్ష చేసినప్పుడు 1:32 ఉన్నది 1:8కో, అంతకన్నా కిందకో దిగిందా అని చూసేది దాన్నిబట్టే.

ఉందని తేలితే మందు పెన్సిలిన్. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు. పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి సూది కాస్త లావుది వాడతారు. సగం ఒక పిరుదుకి, సగం రెండోదానికి చేస్తారు. నొప్పి గట్టిగానే ఉంటుంది, ఒకటి రెండు రోజులు కూర్చున్నా లేచినా తెలుస్తుంది. జబ్బు కొత్తదైతే ఒక్క విడత చాలు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. చిన్న నర్సింగ్‌హోముల్లో పెన్సిలిన్ అంటే రియాక్షన్ భయంతో వెనకాడి, బదులుగా మాత్రలు రాసేవాళ్లున్నారు. గర్భిణికి ఆ బేరం పనికిరాదు. కడుపులో బిడ్డకు కూడా నయమవుతుందని నమ్మకంగా చెప్పగలిగే మందు పెన్సిలిన్ ఒక్కటే. గతంలో మీకు ఎప్పుడైనా పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి, పెద్దాసుపత్రిలో దానికీ పద్ధతి ఉంది. ఇంజక్షన్ చేసిన రోజు రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. క్రిములు ఒక్కసారిగా చనిపోవడం వల్ల వచ్చే జ్వరం అది. అయితే కడుపులో నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ పరీక్షలో ఏమీ లేదని వచ్చి, ఆయనకు ఉందని తేలిందనుకోండి. అంతటితో మీరు ఊపిరి పీల్చుకోకూడదు. ఈమధ్యే అంటి ఉంటే మీ రక్తంలో ఇంకా కనబడకపోవచ్చు. అందుకే గత 90 రోజుల్లో కలిసి ఉన్న భార్యకో భర్తకో, పరీక్ష బాగానే ఉన్నా, ఇంజక్షన్ ఇచ్చేస్తారు. అలాగే ఉన్నది ఇద్దరిలో ఒకరికే అని ఆ ఒక్కరికే వైద్యం చేయిస్తే, ఒకవైపు గట్టు కట్టి రెండోవైపు గండి వదిలేసిన చేపల చెరువే అవుతుంది. ఈ క్రిమి ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదన్న రక్షణేమీ ఇవ్వదు. మీరు ఇంజక్షన్ చేయించుకుని, ఆయన చేయించుకోకపోతే నెలలోపే మళ్లీ మీకు రావచ్చు.

ఇప్పుడు తెల్లబట్ట. మీ అనుమానం దీని మీదే ఉంది గానీ, మీ ఆయన దీని విషయంలో నిర్దోషి అయ్యుండొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు తెలుపు కొంచెం ఎక్కువే అవుతుంది, వాసన, దురద లేకపోతే అది జబ్బు కాదు. పెరుగు విరిగినట్టు తెల్లగా ఉండి విపరీతమైన దురద ఉంటే ఫంగస్. గర్భిణులకు ఇది మామూలే, సంసారం చెయ్యనివాళ్లకు కూడా వస్తుంది. పదే పదే వస్తుంటే షుగర్ ఒకసారి చూపించుకోండి. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసన వస్తుంటే లోపలి మేలు క్రిముల లెక్క తప్పినట్టు. పచ్చగా నురగలా వస్తూ దుర్వాసన ఉంటే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు. అది మాత్రం సంసారం ద్వారా వచ్చేదే, దానికి ఇద్దరూ మందు వాడాలి. మూడింటికీ ఒకే మందు పనిచెయ్యదు. ఆర్ఎంపీ గారు ఏది ఇచ్చారో నాకు తెలీదు గానీ, తగ్గి మళ్లీ వస్తోందంటే అది సరైన మందు కాదో, పూర్తి మోతాదు పడలేదో. పైగా మామూలు ఆడవాళ్లకు ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకోనజోల్ మాత్ర గర్భిణులు వాడకూడదు, లోపల పెట్టుకునే మాత్రలు ఇస్తారు. డాక్సీసైక్లిన్ కూడా మీకు పనికిరాదు. కాబట్టి నాలుగో నెల అని చెప్పకుండా ఏ మందూ మింగొద్దు. సబ్జా నీళ్లు తాగండి, అత్తగారి మాట కాదనక్కర్లేదు. డెట్టాల్‌తో, సబ్బుతో లోపల కడగడం మాత్రం చెయ్యకండి. ఉన్న మేలు క్రిములు కూడా పోతాయి.

గోనేరియా, క్లమీడియా అని ఇంకో రెండున్నాయి. గోనేరియా మగవాళ్లకు కొద్దిరోజుల్లోనే చీము, మూత్రంలో మంటతో బయటపడుతుంది, మనవాళ్లు సెగ అనేది దాన్నే. ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. తెలియకుండానే గర్భనాళాలు మూసుకుపోతాయి, తర్వాత పిల్లలు పుట్టలేదని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. కాన్పులో బిడ్డ కళ్లకు అంటుకుంటుంది. మెడికల్ షాపులో సెగకి సిప్రోఫ్లాక్సాసిన్ ఇస్తే తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గోనేరియా క్రిమి మన దేశంలో ఆ మందుకు ఎప్పుడో మొండికేసింది. బస్టాండు గోడల మీద ‘గుప్త రోగాలకు లాడ్జిలో క్యాంపు’ అని పోస్టర్లు వేసేవాళ్ల గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

‘ఆ జబ్బు’ దగ్గరికి వద్దాం. పేరు పెట్టి అనడానికి భయపడితే పరీక్షకీ భయపడతాం. హెచ్ఐవీ. మన రాష్ట్రంలో అది ఇంకా తక్కువేం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దేశ సగటు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఈశాన్యంలోని మిజోరం, నాగాలాండ్, మణిపూర్‌ల తర్వాత మనదే. సుఖవ్యాధి పుండు ఉన్నప్పుడు హెచ్ఐవీ సోకడం ఇంకా సులువు. అందుకే ఒకటి అనుమానం వస్తే రెండోది కూడా చూడమంటాం. మీకు ఉందని చెప్పడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. ఒకవేళ ఉన్నా, మీ వీధిలో ఆయన పోయినట్టు పోవాల్సిన రోజులు కావివి. రోజుకో మాత్ర, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. తల్లికి మందు లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం ఉంటుంది. సరిగ్గా వాడితే 5 శాతం లోపుకి దిగుతుంది. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ కనబడనంత తగ్గిన మనిషి నుంచి సంసారం ద్వారా అది రెండోవాళ్లకు సోకదు.

పరీక్ష చేస్తే ఊరంతా తెలిసిపోతుందనే కదా మీ భయం. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీరు ఒప్పుకోకుండా హెచ్ఐవీ పరీక్ష చెయ్యకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. ఆ జబ్బుందని ఉద్యోగంలోంచి తీసెయ్యడం, వైద్యం నిరాకరించడం నేరుగా ఈ చట్టానికి విరుద్ధం. చట్టం ఉన్నంత మాత్రాన పల్లెటూళ్లో నోళ్లు మూతపడవు, నాకూ తెలుసు. పీహెచ్‌సీలో మీ ఊరి ఏఎన్ఎం ఉందని ఇబ్బందైతే భీమవరం వెళ్లండి, ఏలూరు వెళ్లండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఐసీటీసీ అని హెచ్ఐవీ పరీక్ష కేంద్రం, సురక్ష క్లినిక్ అని సుఖవ్యాధుల విభాగం ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు. సురక్ష క్లినిక్‌లో ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు పెట్టెలో మందులు సిద్ధంగా ఉంటాయి. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుంటే 1097కి ఫోన్ చెయ్యండి, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు.

మీ పాప సంగతి. సబ్బు, తువ్వాలు, బాత్రూం, మంచం, కంచం, గ్లాసు, దోమకాటు. వీటిలో దేనివల్లా సిఫిలిస్ గానీ హెచ్ఐవీ గానీ రాదు. మీ వీధిలో ఆ ఇంటికి వెళ్తే నేనైతే మంచినీళ్లు తాగి, టీ కూడా అడిగి పెట్టించుకుంటాను. ఒక్క జాగ్రత్త: షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్ ఎవరివి వాళ్లకే ఉండాలి. హెపటైటిస్-బి అనే కాలేయపు జబ్బు కాస్తంత రక్తం ద్వారా కూడా అంటుతుంది. పాపకు పుట్టినప్పుడు ఆ టీకాలు వేసే ఉంటారు, కార్డు చూడండి. మీకు సిఫిలిస్ గానీ హెచ్ఐవీ గానీ పాతదని తేలితే మాత్రం, పాప కడుపులో ఉన్నప్పటి నుంచీ ఉండొచ్చు కాబట్టి, దానికీ ఒకసారి పరీక్ష చేయించమంటారు.

ఇక అసలు కష్టం, ఆయనతో మాట్లాడటం. నిలదీయకండి. ఆయనకు భయపడమని కాదు, నిలదీస్తే మీకు దొరికేది జవాబు, కావలసింది ఆయన రక్తం. ‘ఎవరి దగ్గరికి వెళ్లావు’ అన్న ప్రశ్నకు నిజం చెప్పే మగవాణ్ని నేను తక్కువ చూశాను. ‘ఏమండీ, డాక్టరుగారు బిడ్డ కోసం ఇద్దరికీ పరీక్ష చెయ్యాలన్నారు, నేను చేయించుకున్నాను, మీరూ ఒకసారి రండి’ అనండి. అబద్ధం కాదు, నేను డాక్టర్నే, చెబుతున్నాను కదా. ముందు మీ పరీక్ష అయిపోవాలి. తర్వాత ఐసీటీసీ కౌన్సెలర్‌తో చెబితే ఆయన్ని వాళ్లే పిలిచి మాట్లాడతారు. డ్రైవర్లు వాళ్లకు కొత్త కాదు. ఇంటికొచ్చే తీరిక లేదంటే దారిలో విశాఖపట్నంలోనో, భువనేశ్వర్‌లోనో, కలకత్తాలోనో ప్రభుత్వాసుపత్రిలో చేయించుకోవచ్చు. కాగితం ఫోటో తీసి పంపమనండి.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచుతాను. మన ఇళ్లల్లో మొదట పరీక్ష జరిగేది భార్యకే, కడుపుతో ఉన్నప్పుడు. దాంతో మొదట బయటపడేదీ ఆమె పేరే. ‘నీకే ముందు వచ్చింది, నీ వల్లే నాకు’ అని పుట్టింటికి పంపేసిన ఇళ్లున్నాయి. ఎవరికి ముందు తేలిందో వాళ్ల నుంచే వచ్చిందనడానికి లేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ రక్త పరీక్షా చెప్పదు. మీ అత్తగారైనా సరే ఆ మాట తెస్తే, కౌన్సెలర్ ముందు అనమనండి. ఆయన చెయ్యి చేసుకునే మనిషైతే ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ విషయం ఎత్తకండి, ఆసుపత్రిలోనే చెప్పించండి. 181 మహిళల హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. సెక్స్ వర్కర్లకు కండోములు ఇచ్చి, క్రమం తప్పకుండా పరీక్షలు చేసే కార్యక్రమాలు మన జిల్లాల్లో ఏళ్లుగా నడుస్తున్నాయి. హైవే మీద లారీలు ఆగేచోట డ్రైవర్ల కోసం కూడా నడిచాయి. మధ్యలో ఇల్లాలు మిగిలిపోయింది. ఆమె ‘సంసారి’, ఆమెకెందుకు వస్తుందని ఎవరూ ఆమెతో ఈ మాటే ఎత్తరు. లారీ వాళ్ల ఇళ్లలోనే కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాళ్ల ఇళ్లలో, కువైట్ వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో కూడా ఇంతే. గల్ఫ్ వీసాకి చేసే మెడికల్‌లో హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలుంటాయి. అందులో పాసైనవాడు అది జన్మంతా చెల్లే సర్టిఫికెట్ అనుకుంటాడు. ఆ కాగితం ఆ రోజు వరకే.

పరీక్షలన్నీ తేలేదాకా, ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా కలవకుండా ఉండటం మంచిది. కుదరకపోతే కండోమ్ తప్పదు. ‘కడుపుతోనే ఉంది, ఇంకా కండోమ్ ఎందుకు’ అంటారు ఆయన. గర్భం ఆపడానికి కాదని చెప్పండి. నిరోధ్ ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. లారీ డాష్‌బోర్డులో ఎండకు నెలల తరబడి పడున్న ప్యాకెట్టు వాడొద్దు, రబ్బరు పెళుసుబారి చిరిగిపోతుంది. కొబ్బరినూనె, వేసలిన్ రాసినా చిరుగుతుంది. పర్సులో మడిచి పెట్టుకున్నదీ అంతే. కండోమ్ కప్పని చోట చర్మం మీదే పుండు ఉంటే సిఫిలిస్, హెర్పిస్ దాటి రావచ్చు. కాబట్టి పుండు కనబడితే కండోమ్ ఉన్నా వద్దు. బయట ఎప్పుడైనా కండోమ్ చిరిగితే, లేక అసలు వాడకపోతే, 72 గంటల్లోపు పెద్దాసుపత్రికి వెళ్తే హెచ్ఐవీ సోకకుండా 28 రోజుల మందు ఉందని ఆయనకు తెలిసి ఉండటం మంచిది. మీరు చెప్పలేకపోతే కౌన్సెలర్ చెబుతారు.

మీ పనులు ఇవీ. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్ చేత ప్రత్యేకంగా పరీక్షలు చేయిస్తారు. అది దగ్గర్లో ఉంటే ఆ రోజే, లేకపోతే ఈ వారంలోనే ఏ రోజైనా వెళ్లండి. మాతాశిశు కార్డు, ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రల అట్ట, మీ ఆయన వాడిన ఆయింట్‌మెంట్ ట్యూబు ఇంట్లో ఇంకా పడుంటే అదీ తీసుకెళ్లండి. పుండు సంగతి డాక్టర్‌కి మీ నోటితో చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. సిఫిలిస్, హెచ్ఐవీ, హెపటైటిస్-బి, షుగర్, అన్నీ ఒకేసారి చెయ్యమనండి. ఏమీ లేదని వస్తే సంతోషమే, కానీ సిఫిలిస్, హెచ్ఐవీ రెండూ మూడు నెలల తర్వాత ఒకసారి, కాన్పు ముందు ఇంకోసారి చేయించుకోవాలి. సిఫిలిస్ ఉందని వస్తే ఆ రోజే ఇంజక్షన్ చెయ్యమనండి, ఆయన వచ్చేదాకా వాయిదా వెయ్యకండి. వైద్యానికీ కాన్పుకీ మధ్య కనీసం 30 రోజులుండాలి, మీకు ఆ గడువు కావలసినంత ఉంది. కాన్పుకి ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ కాగితాలు ముందుగా చూపించండి. పుట్టిన బిడ్డకు రక్తం చూడాలా, ఇంజక్షన్ ఇవ్వాలా అన్నది పిల్లల డాక్టరు నిర్ణయించేది వాటిని చూసే.